డై ఎక్కిస్తే కిడ్నీలు పోతాయా? – ఒక భయం చరిత్ర

పెన్షనర్లు నలుగురు కలిసినచోట డి.ఏ. బకాయిల ప్రస్తావన ముగిశాక మాట ఆరోగ్యం మీదికి మళ్లడం సహజం. అక్కడ తరచుగా వినవచ్చే వాక్యం ఒకటుంది: "స్కాన్‌కని డై ఎక్కించారు, కిడ్నీలు పోయాయి." ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం ఎంత, ఏ కాలం నాటిది, ఎవరికి వర్తిస్తుంది అన్నది తెలియకపోవడం వల్ల, ముఖ్యంగా పక్షవాతం వచ్చిన గడియలో, మన కుటుంబాలు ఒక ప్రమాదానికి జడిసి అంతకన్నా పెద్ద ప్రమాదంలో పడుతున్నాయి.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపిన గుమాస్తాను. ఒక ఉత్తర్వును అమలు చేసేముందు అది ఏ సంవత్సరంలో, ఏ పరిస్థితులలో వెలువడిందో, తర్వాత దానికి సవరణలు వచ్చాయో లేదో చూడాలని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. ఈ భయాన్ని కూడా ఒక ఫైలుగా భావించి, మొదటి కాగితం నుంచి తిరగేసి చూశాను. తెలిసినంతవరకు పాఠక మిత్రుల ముందుంచుతున్నాను.

ఎక్స్‌రే పుట్టుక – రంగు మందు అవసరం

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. ఆ కిరణాలకు ఎముక కనిపించేది గాని రక్తనాళం కనిపించేది కాదు. మెత్తని భాగాలన్నీ ఒకే మసకగా పడేవి. నాళంలోకి కిరణాలను అడ్డుకునే పదార్థం ఏదైనా పంపితే దాని ఆకారం తెలుస్తుందన్న ఆలోచన వెంటనే పుట్టింది. 1896 జనవరిలోనే వియన్నాలో ఇద్దరు పరిశోధకులు, శరీరం నుంచి వేరైన ఒక చేతి నాళాల్లోకి పాదరస సమ్మేళనం, సున్నం కలిసిన ముద్దను ఎక్కించి ఫొటో తీశారు. బొమ్మ చక్కగా వచ్చింది. కాని ఆ ముద్దను బతికున్న మనిషికి ఎక్కించే వీలు లేదు.

దారి అనుకోకుండా దొరికింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో సుఖవ్యాధి రోగులకు సోడియం అయొడైడ్ ఇచ్చేవారు. ఆ మందు తీసుకున్నవారి మూత్రాశయం ఎక్స్‌రేలో తెల్లగా కనిపించడం వైద్యులు గమనించి 1923లో ప్రకటించారు. అయొడిన్ కిరణాలను అడ్డుకుంటుంది, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మనం నేటికీ "డై" అంటున్న మందు మూలం ఇదే. అది బట్టలకు వేసే రంగు వంటిది కాదు, నీరులా తేటగా ఉండే అయొడిన్ ద్రావణం. ఒంట్లోంచి వెళ్లే దారి మూత్రపిండాలే కనుక వాటి మీద మచ్చ పడుతుందేమోనన్న అనుమానం దీనికి పుట్టుకతోనే ఉంది.

మెదడు నాళాలను మొదట చూసినవాడు పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్. గౌటు వ్యాధితో చేతులు సరిగా ఆడనందువల్ల, తన సహాయకుడు అల్మెయిడా లిమా చేత సూది వేయించేవాడు. మొదట బ్రోమైడు ద్రావణం వాడారు. ఒక రోగి మరణించాడు. తర్వాత సోడియం అయొడైడుకు మారి, 1927 జూన్‌లో లిస్బన్‌లో మెడ ధమని గుండా మందు పంపి బతికున్న మనిషి మెదడు నాళాల చిత్రాన్ని తీయగలిగారు. ఆ తర్వాతి సంవత్సరాలలో థోరోట్రాస్ట్ అనే మరో మందు వచ్చింది. బొమ్మ అద్భుతంగా వచ్చేది, రోగికి నొప్పి ఉండేది కాదు. కాని అందులో ఉన్నది రేడియోధార్మిక థోరియం. అది కాలేయంలో స్థిరపడి, దశాబ్దాల తర్వాత క్యాన్సర్లు తెచ్చింది. ఇటువంటి అనుభవాల వల్ల స్కాను మందులంటే వైద్యులకే జంకు ఏర్పడింది.

భయానికి తొలి ఆధారం

1929లో మోజెస్ స్విక్ అనే అమెరికన్ యువ వైద్యుడు బెర్లిన్‌లో పనిచేస్తూ, నరంలోకి ఎక్కించి మూత్రపిండాలను చూపగల అయొడిన్ మందును ప్రయోగించాడు. దాని నుంచి వచ్చినదే మన వయసువారికి బాగా తెలిసిన ఐ.వి.పి. పరీక్ష. మూత్రంలో రాయి ఉందేమోనని అనుమానం వస్తే ఈ పరీక్ష రాసేవారు. ముందురోజు రాత్రి ఆముదమో మరో విరేచనకారో ఇచ్చి, పొద్దుట మంచినీళ్లు కూడా తాగవద్దనేవారు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడి బొమ్మ స్పష్టంగా వస్తుందని వారి ఉద్దేశం.

1954లో ఒక స్కాండినేవియా వైద్య పత్రికలో ఓ కేసు ప్రచురితమైంది. మైలోమా అనే రక్త క్యాన్సరు గల రోగికి ఐ.వి.పి. తీసిన తర్వాత మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఇటువంటివే మరికొన్ని కేసులు క్రమంగా బయటపడ్డాయి. వ్యాధితో ముందే దెబ్బతిన్న మూత్రపిండాలు, పైగా దాహంతో ఎండగట్టిన శరీరం, ఆపైన ఆనాటి గాఢమైన మందు. ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు జరిగిన నష్టం అది. కాని ఫైలులో మిగిలింది "డై వల్ల కిడ్నీ చెడును" అన్న చివరి వాక్యం మాత్రమే.

ఆనాటి మందు గాఢత ఎంతో చెప్పాలి. కరిగిన కణాల లెక్కలో చూస్తే మన రక్తం కంటే ఐదు నుంచి ఏడు రెట్లు చిక్కన. ఎక్కించగానే ఒళ్లంతా మంట పుట్టేది. ఈ మంటకు కారణం అయొడిన్ కాదు, ఆ చిక్కదనమేనని గ్రహించినవాడు స్వీడన్ వైద్యుడు టార్‌స్టెన్ ఆల్మెన్. ఉప్పు తక్కువైన సముద్రపు నీటిలో కళ్లు తెరిచి ఈదితే మంట ఉండదు, ఉప్పు ఎక్కువైన చోట కళ్లు మండుతాయి. తమ దేశపు రెండు తీరాలలో తాను చూసిన ఈ చిన్న తేడాయే తనకు దారి చూపిందని ఆయన చెప్పుకున్నాడు. 1969లో తన ప్రతిపాదన ప్రచురించాడు. దాన్ని ఆధారం చేసుకుని నార్వే కంపెనీ ఒకటి మందులు తయారుచేసింది. 1980వ దశకంలో వచ్చిన అయోహెక్సాల్ వంటివి రక్తం కంటే రెండు మూడు రెట్లు మాత్రమే చిక్కన. తర్వాత వచ్చిన అయోడిక్సనాల్ రక్తంతో సమానం. పాత చిక్కని మందులను రక్తనాళంలోకి ఎక్కించడం చాలావరకు ఆగిపోయింది.

మందు మారింది గాని దాని మీది రిమార్కు మారలేదు. 1983లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, ఆసుపత్రిలో చేరిన తర్వాత వచ్చిన మూత్రపిండాల వైఫల్యాలలో 100కు 12 డై వల్లనేనని లెక్కగట్టి, కారణాలలో దానికి మూడవ స్థానం ఇచ్చింది. అది పాత చిక్కని మందుల కాలం. అయినా ఆ "మూడవ స్థానం" అన్న మాట తర్వాత పాతికేళ్లకు పైగా ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి నకలు అవుతూ వచ్చింది. నకలు ఎంత సులువుగా అసలు అయిపోతుందో మన సెక్షన్లలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు.

లెక్క ఎక్కడ తప్పింది

డై ఎక్కించిన వారికి మరుసటి రోజూ ఆ మరుసటి రోజూ రక్తంలో క్రియాటినిన్ చూసేవారు. అది పెరిగితే డై ఖాతాలో రాసేవారు. డై ఎక్కించని రోగులకు అదే రెండు రోజుల్లో క్రియాటినిన్ ఎంత మారుతుందో చూసినవారు అరుదు.

2008లో న్యూయార్క్ వైద్యులు ఆ పని చేశారు. అసలు డై ముట్టని 32,161 మంది ఆసుపత్రి రోగుల రికార్డులు తీసి చూస్తే, సగానికి పైగా మందిలో క్రియాటినిన్ 25 శాతమో అంతకు మించో మారింది. డై ఎక్కించి ఉంటే వీరిలో ఎందరి పేర్లు ఆ జాబితాలోకి ఎక్కేవో ఊహించవచ్చు. ఒంట్లో బాగులేక ఆసుపత్రిలో చేరిన మనిషికి జ్వరం, నీరసం, రక్తపోటు పడిపోవడం, బలమైన యాంటీబయాటిక్స్, వీటిలో ఏదైనా మూత్రపిండాలను తాత్కాలికంగా కుంగదీస్తుంది. నేరం జరిగినచోట డై కూడా ఉన్నందువల్ల కేసు దాని మీద పడింది.

2013లో అమెరికాలోని మేయో క్లినిక్, మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు వేర్వేరుగా, డై పొందినవారిని అదే వయసు, అదే జబ్బులు ఉండి డై పొందనివారితో జతచేసి పోల్చారు. మేయో వారికి తేడా కనిపించలేదు. మూత్రపిండాల వడపోత 30కి దిగువన ఉన్నవారిలో మాత్రం డై వల్ల అదనపు నష్టం ఉందని మిషిగన్ వారికి కనిపించింది. ఈ రెండూ కలిపి చదివితే, చాలామందికి భయం పెద్దగా లేదని, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న కొద్దిమందికి జాగ్రత్త అవసరమని తేలుతుంది.

నివారణ పేరుతో చేసినవీ పరీక్షకు నిలవలేదు. 2017లో నెదర్లాండ్స్‌లో 660 మంది మధ్యస్థ మూత్రపిండ లోపం గలవారిపై జరిగిన ప్రయోగంలో, ముందుగా సెలైన్ ఎక్కించినవారిలో 2.7 శాతానికి, ఎక్కించనివారిలో 2.6 శాతానికి దెబ్బ తగిలింది. తేడా లేనట్టే. పైగా సెలైనే కొందరి గుండెకు భారమైంది. 2018లో ప్రచురితమైన మరో పెద్ద ప్రయోగంలో ఐదు వేలకు పైగా రోగులపై చూడగా, అంతవరకు విరివిగా రాసిన ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు గాని, మామూలు సెలైన్‌కు బదులు ఎక్కించిన సోడియం బైకార్బొనేట్ గాని అదనపు మేలు చేయలేదు.

డై భయంతో వేరే దారి పట్టడం కూడా ఒకసారి బెడిసికొట్టింది. కిడ్నీ రోగులకు సి.టి. డై వద్దని, ఎం.ఆర్.ఐ.లో గాడోలినియం అనే మందు వాడసాగారు. వారిలో కొందరికి చర్మం చెక్కలా గట్టిపడి కీళ్లు బిగుసుకుపోయే కొత్త వ్యాధి కనిపించింది. దానికీ గాడోలినియానికీ సంబంధం ఉండవచ్చని 2006లో ఆస్ట్రియా వైద్యుడొకరు వెల్లడించారు. తర్వాత గాడోలినియం మందులు కూడా మెరుగుపడి ఆ వ్యాధి చాలా అరుదైపోయింది.

పక్షవాతం వేళ

ఇంతవరకు చెప్పినది తీరుబడిగా తీయించుకునే స్కాన్లకూ వర్తిస్తుంది. పక్షవాతంలో అసలు చిక్కు కాలం.

1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. యంత్రంతో తొలి రోగి మెదడును చూశారు. అంతకుముందు పక్షవాతం నాళం పూడుకుని వచ్చిందో, చిట్లి వచ్చిందో బతికుండగా తేల్చడం దుర్లభం. ఆ తేడా మామూలు సి.టి.లోనే తెలుస్తుంది, దానికి డై అక్కరలేదు. అప్పట్లో తెలిసినా చేయగలిగింది తక్కువ కనుక తొందరా లేదు. 1995లో, పూడిక గలవారికి మూడు గంటల్లోగా గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తే మేలని అమెరికాలో రుజువైంది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది.

పెద్ద నాళంలో పెద్ద గడ్డ ఉంటే ఇంజెక్షన్‌తో తరచూ కరగదు. తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి గడ్డను లాగివేయాలి. 2015లో వెలువడిన ఐదు ప్రయోగాలు ఈ చికిత్సను నిలబెట్టాయి. వాటిలో నెదర్లాండ్స్‌లో 500 మందిపై జరిగినదాని ప్రకారం, మూడు నెలల తర్వాత తమ పని తాము చేసుకోగలిగినవారు మామూలు వైద్యంతో 100కు 19 మంది అయితే, గడ్డ తీసినవారిలో 33 మంది. 2018 నాటికి ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు ఇది చేయవచ్చని తేలింది.

గడ్డ ఏ నాళంలో, ఎక్కడ ఉందో తెలియాలంటే సి.టి. యాంజియోగ్రామ్ తీయాలి. దానికి డై కావాలి. డై భయం సరిగ్గా ఇక్కడే అడ్డు తగులుతున్నది. పెద్ద నాళం పూడుకున్నప్పుడు సగటున నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికన్ నాడీవైద్యుడు లెక్కకట్టాడు. క్రియాటినిన్ రిపోర్టు కోసం గంటసేపు ఆగితే ఎంత పోతుందో పాఠకులే గుణించుకోవచ్చు.

మన సంఘ సభ్యుడొకరి విషయంలో ఇది నా కళ్ల ముందే జరిగింది. ఊరు, ఆసుపత్రి పేరు అవసరం లేదు. కుడిచేయి పడిపోయి, మాట ముద్దగా రాగా ఆయనను గంటన్నరలో ఆసుపత్రికి చేర్చారు. మామూలు స్కాన్ అయింది, ఇంజెక్షన్ మొదలైంది. డై స్కానుకు సంతకం చేయమని డ్యూటీ డాక్టరు కాగితం తెచ్చాడు. అందులో "మూత్రపిండాలు దెబ్బతినవచ్చును" అనే వాక్యం ఉంది. పెద్దబ్బాయి కలం పట్టుకుని ఆగిపోయాడు. "బాబాయ్ గారూ, నాన్నకి ఆర్నెల్ల కిందట క్రియాటినిన్ 1.6 ఉందండీ. రేపు డయాలిసిస్ మీద పడితే ఎవరండీ జవాబుదారీ?" అన్నాడు. డాక్టరు గారి మాట వినమని నేనన్నాను. వదిన గారు ఏడుస్తూ కూర్చున్నారు. రక్తపరీక్ష వచ్చాక చూద్దామని ఇంట్లోవాళ్లు, సరేనని ఆసుపత్రివారు. రిపోర్టు రావడానికి గంటంబావు పట్టింది. అందులోనూ 1.6 ఉంది. అప్పుడు డై ఎక్కించారు, గడ్డ కనబడింది, తీశారు. ఆయన బతికారు. మూత్రపిండాలకు ఏమీ కాలేదు. కుడిచేయి మాత్రం తిరిగి రాలేదు. మూడు దశాబ్దాలు ముత్యాల వంటి అక్షరాలతో నోట్ ఫైళ్లు రాసిన మనిషి, ఇప్పుడు ఎడమచేతి వేలిముద్రతో కాగితాలు నడుపుకుంటున్నారు. ఆ గంటంబావు వల్లనే ఇలా అయిందని తేల్చి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ కుర్రవాడిదీ తప్పు కాదు. తండ్రి మీది ప్రేమతోనే ఆగాడు. అతని చేతిని పట్టి ఆపింది 1954 నాటి వాక్యం.

72 ఏళ్ల పురుషునికి క్రియాటినిన్ 1.6 ఉంటే నేటి సూత్రం ప్రకారం వడపోత సుమారు 45 ఉంటుంది. అంటే 30 అనే ప్రమాద రేఖకు చాలా పైన.

సవరణ ఉత్తర్వులు

కెనడాలోని కాల్‌గరీ వైద్యులు 2007లోనే, పక్షవాతానికి సి.టి. యాంజియోగ్రామ్ తీసిన రోగుల్లో సుమారు 3 శాతానికి మాత్రమే క్రియాటినిన్ పెరిగిందని, ఎవరికీ డయాలిసిస్ అవసరం రాలేదని ప్రకటించారు. ఆ 3 శాతంలోనూ అందరిదీ డై వల్లనే అనలేము. పక్షవాతం వచ్చినవాడు రాత్రంతా ఎవరూ చూడక పడి ఉండవచ్చు, మింగలేక నీళ్లు తాగకపోవచ్చు, మెదడు వాపు తగ్గడానికి మానిటాల్ ఎక్కించి ఉండవచ్చు. ఇవన్నీ మూత్రపిండాలకు భారమే.

2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, స్ట్రోక్ అసోసియేషన్ తమ మార్గదర్శకాలలో స్పష్టంగా రాశాయి: పెద్ద నాళం పూడుకుందన్న అనుమానం ఉండి, పూర్వం మూత్రపిండ వ్యాధి లేని రోగికి, క్రియాటినిన్ ఫలితం కోసం ఆగకుండా సి.టి. యాంజియోగ్రామ్ తీయడం సమంజసం. 2020లో అమెరికా రేడియాలజీ వైద్యుల సంస్థ, అక్కడి జాతీయ కిడ్నీ సంస్థ కలిసి, డై ముప్పును అంతవరకు ఎక్కువగా అంచనా వేశారని ఒప్పుకున్నాయి. వడపోత 30 లోపు ఉన్నవారికి, మూత్రపిండాలకు అప్పటికే హఠాత్తుగా దెబ్బ తగిలి ఉన్నవారికి ముందుజాగ్రత్తలు చాలునన్నాయి. అటువంటివారికి సైతం ప్రాణావసరమైతే డై నిషిద్ధం కాదన్నాయి.

కాబట్టి భయం అబద్ధం కాదు, దాని పరిధి చిన్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం ఇదమిత్థమని తేలని మూత్రపిండ వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దీర్ఘకాలపు షుగరు, బి.పి. వల్ల మూత్రపిండాలు చెడినవారు మనలోనూ ఉన్నారు. వీరి విషయంలో జాగ్రత్త తప్పనిసరి. డై వల్ల నిజంగా దెబ్బ తగిలినా, సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల్లో క్రియాటినిన్ గరిష్ఠానికి చేరి, చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. చచ్చిన మెదడు కణం మాత్రం తిరిగి పుట్టదు.

సభ్యులకు మనవి

1. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. రోగి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో రాసిపెట్టండి. డాక్టరు మొదట అడిగేది అదే.

2. పి.పి.ఓ. నకలు, హెల్త్ కార్డు పెట్టుకునే కవరులోనే తాజా క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న మందుల జాబితా ఉంచండి. వడపోత అంకె ఎంతో మీ డాక్టరును అడిగి దాని పక్కనే రాయించుకోండి.

3. మూత్రపిండ వ్యాధి, పూర్వం డై పడకపోవడం, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడకం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. మెట్‌ఫార్మిన్ డైతో కలిసి కిడ్నీని చెడగొట్టదు. మూత్రపిండం మందగిస్తే ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది. ఆపాలో వద్దో వారు చెబుతారు.

4. ఏళ్ల తరబడి డయాలిసిస్‌లో ఉన్నవారికి కూడా డై ఇవ్వవచ్చు. "డయాలిసిస్ మనిషి, స్కాన్ వద్దు" అని ఇంట్లోవారు తమంతట తాము నిర్ణయించవద్దు.

5. సంతకం అడిగినప్పుడు ఒకే ప్రశ్న వేయండి: "ఈ పరీక్ష ఆలస్యమైతే ఏం పోతుంది?" జవాబు విని నిర్ణయించుకోండి.

ఈ ప్రత్యేక సంచిక మన ఇంటిలోని పిల్లల చేతికి కూడా ఇచ్చి, ఈ పేజీ వారిచేత చదివించవలసిందిగా కోరుతున్నాను. ఆ వేళకు మంచం మీద ఉండేది మనం, కలం పట్టుకుని నిలబడేది వారు.